పసుపు పెట్టిన ఆర్డరు

మొన్న శనివారం మా అమ్మాయి విజయవాడ నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా వీధి అరుగు మీద కూలబడి, చేతిలో ఫోను నా ముందుకు చాపి, "అమ్మా, ఈ ఒక్కసారికి కథ చెప్పకు, నిజం చెప్పు. నువ్వు ఆ ఉద్యోగంలో ఎందుకు చేరలేదు?" అని అడిగేసరికి, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నదాన్ని చెయ్యి ఆపేశాను. ఫోనులో ఏముందంటే, అది పనిచేసే బ్యాంకువాళ్లు దానికి ప్రమోషను ఇచ్చి గౌహతి వేశారట. చేరతావా చేరవా అన్నదానికి కింద రెండు గళ్లు పెట్టారు, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. సోమవారం సాయంత్రంలోగా ఏదో ఒకటి నొక్కాలి. అల్లుడేమన్నాడే అని అడిగితే, "ఏమంటాడు, నీ ఇష్టం అన్నాడు. అత్తయ్యగారూ నీ ఇష్టం తల్లీ అన్నారు. అందరూ నవ్వుతూనే అన్నారు. ఒక్కళ్లూ వెళ్లిరా అనలేదు" అంది.

అది నన్నెందుకు అడిగిందో తెలుసు.

మా గుడివాడ వీధిలో నాకొక పేరుంది. నేను చెప్పిన దాంట్లో సగం తీసేసి, మిగతా సగం ఇంకొకరి దగ్గర వాకబు చేసుకుంటారు. అలాగని చిన్నచూపేం కాదు, ఏ పేరంటానికి వెళ్లినా నా పక్కన చోటు కోసమే అందరూ చూసుకుంటారు. అప్పట్లో అవనిగడ్డలో నాకొచ్చిన ఆ స్టెనో ఉద్యోగంలో ఎందుకు చేరలేదన్న సంగతే ఈ ముప్పై నాలుగేళ్లలో ఎన్ని రకాలుగా చెప్పానో నాకే గుర్తు లేదు. ఒక కథలో ఆ ఆర్డరు కాగితాన్ని ఎదురింటివాళ్ల గేదె నమిలేసింది, ఆ తర్వాత వారం రోజులు అది సర్కారు ఉద్యోగిలాగా పదిన్నర దాటితేగాని పాలివ్వలేదు. ఇంకోదాంట్లో శ్రీకాకుళం, అంటే మన కృష్ణ ఒడ్డున ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళం, అక్కడికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్తే ఒక ముసలి కోతి నా సంచీ లాక్కుని గోపురమెక్కి, చత్వారం వల్ల కాగితాన్ని బారెడు దూరంలో పట్టుకుని మొత్తం చదివి, సంతకం నచ్చక చింపేసింది. నేను ఎక్కువగా చెప్పేది మాత్రం పెన్సిలు కథ. చేరడానికి వెళ్తే ఆఫీసరు నా వేగం చూద్దామని గుక్క తిప్పుకోకుండా చదివాడనీ, నేను రాసిన వేగానికి పెన్సిలు మొన నుంచి పొగ లేచిందనీ, ఆ ఆఫీసుకి తాటాకు కప్పు కనక దివిసీమ తగలబడిపోతుందేమోనని జాలిపడి నేనే తిరిగి వచ్చేశాననీ. ఈ కథలు చెబుతూనే మా అమ్మాయికి అన్నం ముద్దలు తినిపించాను. ఇప్పుడది నిజం అడుగుతోంది. నిజం ఎక్కడ పెట్టానా అని ఆలోచిస్తే ఒక నోటుపుస్తకం గుర్తొచ్చింది.

"ఉండు, రాసిపెట్టుకున్నాను" అని లోపలికి వెళ్లి, మంచం కింద ఇనప్పెట్టె లాగి, పాత పట్టుచీరల అడుగు నుంచి దాన్ని తీశాను. దాని సంగతి చెప్పాలంటే ముందు బందరు వెళ్లాలి.

మా నాన్న బందరులో ఒక ఆఫీసులో గుమాస్తా. నేను డిగ్రీ చదువుతుండగానే నన్ను కోనేరు సెంటరుకి దగ్గర్లో ఒక మేడ మీద ఉన్న టైపు ఇన్‌స్టిట్యూటులో చేర్పించారు. మా ఈడువాళ్లకి నేను చెప్పక్కర్లేదు, ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్ అని వేళ్లు నొప్పి పుట్టేదాకా కొట్టిన తరం మనది. పదిహేను మిషన్లు ఒక్కసారి మోగుతుంటే రేకుల కప్పు మీద వాన పడ్డట్టుండేది, కింద కిళ్లీ కొట్టులో బేరానికి వచ్చినవాళ్లు అరుచుకుని మాట్లాడుకునేవాళ్లు. ఆ ఇన్‌స్టిట్యూటు మాస్టారిది మూడు తరాలుగా బందరులోనే ఉన్న ముస్లిం కుటుంబం. మాకన్నా చక్కటి తెలుగు మాట్లాడేవారు, ఇంగ్లీషు డిక్టేషను మాత్రం రైలు తప్పిపోతున్నట్టు చదివేవారు. డిక్టేషనుకని చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టారంటే గదిలో మిషన్లన్నీ ఆగిపోయేవి. టైపు అందరికీ వచ్చేది. షార్ట్‌హ్యాండు దగ్గరికి వచ్చేసరికి పదిమందిలో తొమ్మిదిమంది మానేసేవాళ్లు. నేను మానలేదు.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. షార్ట్‌హ్యాండులో అక్షరాలుండవు, గీతలుంటాయి. సన్న గీత, లావు గీత, కొక్కెం, చిన్న సున్న. మనిషి మాట్లాడే వేగాన్ని చేత్తో అందుకోవాలంటే అచ్చులన్నీ వదిలేసి హల్లుల్ని మాత్రం గీసుకుంటూ పోవాలి. వదిలేసినవన్నీ రాసినవాళ్ల బుర్రలో ఉంటాయి. అందుకని రాసిన వెంటనే చదివి టైపు కొట్టేసుకోవాలి. మా మాస్టారు రోజూ అదే చెప్పేవారు, "వేడి మీద చదివేసుకో తల్లీ, చల్లారిపోయిందంటే రాసినదానివి నువ్వు కూడా చదవలేవు" అని.

నాకు ఆ పనంటే ఎంత ఇష్టమో చెబితే మీకు ఇది కూడా నా కథల్లో ఒకటి అనిపిస్తుంది. రేడియోలో వార్తలు వస్తుంటే వేలితో తొడ మీద రాసేదాన్ని. గుళ్లో పురాణం చెప్తుంటే కుంకుమ పొట్లం మీద రాసేదాన్ని. నిమిషానికి నూట ఇరవై మాటల పరీక్ష పాసైన రోజున మాస్టారు ఇంకో ముప్పై పెంచుకుంటే హైదరాబాదు అసెంబ్లీలో రిపోర్టరువి కావచ్చమ్మా అన్నారు. అక్కడ నడిమధ్యన ఒక బల్ల ఉంటుందట, మంత్రులూ ఎమ్మెల్యేలూ చుట్టూ నిలబడి ఎంత కేకలు వేసుకున్నా, ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు తల వంచుకుని ప్రతి మాటా రాసుకుంటూ పోతారట. ఎవరు ఏమన్నారన్నది చివరికి వాళ్లు రాసినదే. ఆ బల్ల నేను చూడలేదు. కానీ దాని మీద నా మోచెయ్యి ఎక్కడ ఆనుతుందో కూడా నాకు తెలుసు. ముందు చిన్న ఆఫీసులో చేరి, చేతికి వేగం తెచ్చుకుని, అక్కడికి వెళ్లాలి. ఇరవై రెండేళ్ల వయసులో నా జీవితం గురించి నాకున్న ఆలోచన మొత్తం ఇంతే.

ఉద్యోగానికి పరీక్ష రాశాను, ఫలితాలు వచ్చేలోగా గుడివాడ సంబంధం వచ్చింది. మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. నెమ్మదైన మనిషి, గట్టిగా మాట్లాడటం ఈనాటికీ వినలేదు. మా అత్తగారు అంతకన్నా నెమ్మది. పెళ్లయిన ఎనిమిది నెలలకి ఆర్డరు వచ్చింది. అవనిగడ్డలో ఒక ఆఫీసులో స్టెనో, పదిహేను రోజుల్లో చేరాలి. గుడివాడ నుంచి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ బస్సులు మారి వెళ్లొచ్చు, లేదూ అక్కడే గది తీసుకుని శని ఆదివారాలు రావచ్చు. అప్పటికి పిల్లలు లేరు. మామగారు అంతకుముందే పోయారు. అడ్డం అనడానికి ఇంట్లో ఏమీ లేదు.

పోస్టుమాను ఇచ్చిన కవరు చింపి చదవగానే మా అత్తగారు నా రెండు బుగ్గలూ పుణికారు. కాగితం నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మూలలా పసుపు అద్ది, మధ్యన కుంకుమ బొట్టు పెట్టి, పూజ గూట్లో వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టారు. మా వైపు పరీక్ష హాలు టిక్కెట్టయినా, శుభలేఖయినా, కొత్త బండి తాళమయినా ముందు అక్కడికే వెళ్తుంది. వీధి వీధంతా పంచదార పంచి, మా కోడలికి సర్కారు ఉద్యోగం వచ్చిందని చెప్పొచ్చారు. మర్నాడు పొద్దున పూజలో దేవుళ్లకి పెట్టినట్టే దాని మీదా ఒక నందివర్ధనం పువ్వు పెట్టారు. మా ఆయన స్కూలుకి వెళ్లబోయే ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ ఆ కాగితాన్ని కూడా కళ్లకద్దుకున్నారు.

కొత్త కోడలు తనంతట తాను "వెళ్తున్నాను" అనకూడదు. ఈ మాట నాకెవరూ చెప్పలేదు, ఎవరూ చెప్పకుండానే తెలిసినవాటిలో అదొకటి. పుట్టింటికైనా సినిమాకైనా ఎవరో ఒకరు "వెళ్లిరా అమ్మా" అనాలి, అప్పుడు చీర మార్చుకోవాలి. సరే, అంటారు కదా అని నేను చూశాను. కొడుకు అంటాడు కదా, మధ్యలో నేనెందుకని మా అత్తగారు చూశారట. ఇంటికి పెద్దది అమ్మ ఉండగా నేను తొందరపడటమేమిటని మా ఆయన చూశారట. ఇవన్నీ తర్వాతెప్పుడో తెలిసిన సంగతులు. ఒకసారి నేనే తెగించి, మా ఆయనకి భోజనం వడ్డిస్తూ, ఆ కాగితం సంగతి ఏం చేద్దామండీ అని అడిగితే, పచ్చడి కలుపుకుంటూనే, "నీ ఇష్టం" అన్నారు. అందులో కోపం లేదు. ఒద్దన్న ధ్వని కూడా లేదు. ఆ మాటని చేతిలో పట్టుకుని ఎటు తిరగాలో నాకు తెలియలేదు, మజ్జిగ పోశాను.

రోజూ ఒక పువ్వు. రోజూ అగరొత్తు. పన్నెండో రోజుకి పసుపు ఎండి కాగితం మూలలు పైకి లేచాయి.

పదిహేనో రోజు తెల్లవారకముందే లేచి తలకి పోసుకుని, బందరు నుంచి తెచ్చుకున్న నీలం అంచు చీర కట్టుకుని, జడ వేసుకుని, చేతి సంచీలో రెండు పెన్సిళ్లు చెక్కి పెట్టుకుని, అరుగు మీద కూర్చున్నాను. ఏడు గంటల బస్సు ఎక్కితే పదిన్నరకి అందుకోవచ్చు. మా ఆయన వేపపుల్ల నోట్లో పెట్టుకుని బయటికి వచ్చి, నన్ను చూసి ఆగి, "ఏంటి, పొద్దున్నే తయారయ్యావు? ఎక్కడికన్నా వెళ్తున్నావా?" అన్నారు.

"లేదండీ" అన్నాను.

"అలాగా. అయితే కాస్త కాఫీ పెట్టు" అన్నారు.

అప్పటికి ఏడు గంటల బస్సుకి ఇంకా ఇరవై నిమిషాల టైముంది. బస్టాండు మా ఇంటికి ఐదు నిమిషాల నడక. లోపలికి వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టాను. జరిగింది ఇదే. ఇంతకన్నా ఏమీ జరగలేదు.

దసరాలకి పూజ గూడు దులిపినప్పుడు, పూజ అందుకున్న కాగితాన్ని చెత్తలో వేయకూడదని మా అత్తగారు దాన్ని వాడిన పూలతోనూ పాత క్యాలెండరు దేవుళ్లతోనూ కలిపి మూట కట్టి, నన్ను వెంట తీసుకెళ్లి కాలవలో కలిపారు. కలిపాక నాచేత కూడా మూడు దోసిళ్ల నీళ్లు వదిలించి దణ్ణం పెట్టించారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకు బాగా గుర్తు. నాకు తిరగలేదు. పన్ను పీకే ముందు ఇంజక్షను ఇస్తే చిగురు ఉన్నట్టూ ఉండదు, పోయినట్టూ ఉండదు, అలాగ ఉంది. ఆ మందు ఇంకా పూర్తిగా దిగలేదనుకుంటాను.

ఇదంతా తెలియని మా బందరు మాస్టారు, ఆర్డరు వచ్చిందని మాత్రం విని, నేను ఉద్యోగంలో చేరి ఉంటానని, ఆ దీపావళి ముందు బస్సెక్కి గుడివాడ వచ్చారు. తెల్ల కాగితంలో చుట్టి ఒక కొత్త షార్ట్‌హ్యాండు నోటుపుస్తకం, పేజీలు పైకి తిప్పే రకం, తీసుకొచ్చారు. ఇంట్లో నన్ను చూడగానే సెలవు పెట్టావామ్మా అన్నారు. నా నోట్లోంచి, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, "లేదు మాస్టారూ, ఆర్డరుని గేదె తినేసింది" అని వచ్చింది. నేను చెప్పిన మొదటి కథ అది. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, టీ గ్లాసు కింద పెట్టి, ఎంతో శ్రద్ధగా, "నల్లదా, పుల్ల రంగుదా?" అని అడిగారు. "నల్లదే మాస్టారూ, కొమ్ములు వంకర" అన్నాను. "ఆ రకం అంతే తల్లీ, చదువుకున్న కాగితమంటే పడిచస్తాయి" అని, పుస్తకం నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. నేనూ బందరు వెళ్లినప్పుడు ఆ మేడ ఎక్కలేదు.

ఆ సాయంత్రం ఆ పుస్తకంలో మొదటి పేజీ రాశాను. నాకు నిజంగా ఏమనిపించిందో ఒక్కచోటైనా ఉండాలని, ఎవరూ చదవకుండా షార్ట్‌హ్యాండులో పేజీ అంతా రాసి, పెట్టెలో పెట్టేశాను. తర్వాత ఏళ్ల తరబడి మా ఆయన స్కూలు ప్రశ్నపత్రాలు స్టెన్సిళ్ల మీద నేనే టైపు కొట్టి పెట్టాను. కంప్యూటర్లు వచ్చాక ఆ పనీ పోయింది. టైపు మిషన్లు పాత ఇనప సామాన్లవాళ్లు కేజీల చొప్పున కొనుక్కుపోయారు. చేరి ఉన్నా ఏముందిలే, ఆ చదువే లేకుండా పోయింది కదా అని ఓదార్చినవాళ్లున్నారు. అవునవును అన్నాను.

మొన్న ఆ పుస్తకం తెచ్చి అరుగు మీద మా అమ్మాయి పక్కన కూర్చుని తెరిచాను. గీతలు ఒక్కటీ చెదరలేదు. సన్న గీత సన్నగానే ఉంది, లావు గీత లావుగానే ఉంది, మాస్టారు చూస్తే మెచ్చుకునేంత బాగుంది. ఒక్క ముక్క చదవలేకపోయాను. కళ్లజోడు తుడుచుకున్నాను, పెదాలు కదిపి చూశాను, వేలితో గీత మీద గీత వేసి చూశాను. ముప్పై నాలుగేళ్ల క్రితం ఆ పిల్లకి ఏమనిపించిందో నా చేతిరాతలోనే నా ఒళ్లో ఉంది, నాకు తెలియడం లేదు.

"ఏముందమ్మా అందులో?" అంది అమ్మాయి.

"చల్లారిపోయిందే" అన్నాను.

ఇక పుస్తకం మూసేసి నోటితోనే చెప్పాను. పసుపు సంగతి, పువ్వు సంగతి, నీలం అంచు చీర, "లేదండీ", కాలవ. ఏమీ కలపకుండా, ఏమీ తీయకుండా చెప్పాను. అంత రుచీ పచీ లేకుండా నేనెప్పుడూ ఏదీ చెప్పలేదు. అంతా విని మా అమ్మాయి పెద్దగా నవ్వేసి, "అబ్బ! ఉద్యోగం ఆర్డరుకి పదిహేను రోజులు పూజ చేసి నిమజ్జనం చేశారా? భలే ఉందమ్మా. కానీ గేదె కథే నయం, అది కాస్త నమ్మేట్టుంటుంది" అంది.

లోపల వాలుకుర్చీలో పేపరు చదువుకుంటున్న మా ఆయన పేపరు దించకుండానే, "గేదె కాదే, కోతి. శ్రీకాకుళంలో గోపురమెక్కి చింపేసింది. ఎంత బాధపడిందో పాపం మీ అమ్మ" అన్నారు.

హాస్యానికి అనలేదు. ఆయనకి హాస్యం రాదు.

మా అమ్మాయి నవ్వు ఆగిపోయింది. గుమ్మం దాకా వెళ్లి, "నాన్నా, మీరు అప్పుడు ఇంట్లోనే ఉన్నారు కదా?" అంది.

"ఎందుకు లేను? ఉన్నాను. కోతి అని మీ అమ్మే చెప్పింది" అన్నారాయన.

అది కాసేపు ఆయన వైపు, కాసేపు నా వైపు చూసింది. నేను చిక్కుడుకాయల పళ్లెం దగ్గరికి లాక్కున్నాను. అది నా పక్కన వచ్చి కూర్చుని, సోమవారం దాకా ఆగకుండా, నన్నూ అడక్కుండా, ఫోను తీసి పచ్చగడి మీద వేలు పెట్టి నొక్కింది. తెర మీద ఒక్క క్షణం ఏదో తిరిగింది, ఆగింది. తర్వాత అల్లుడికి ఫోను చేసింది. "నొక్కేశాను. నా ఇష్టమన్నావుగా? వెళ్తున్నాను" అంది. అవతల నుంచి ఏదో వినిపించింది, ఇది ఫోను చెవికి ఆనించుకునే లేచి నిలబడింది. వాళ్లిద్దరి మధ్యా ఏమవుతుందో నాకు తెలియదు.

సంతోషించాలని నాకు తెలుసు. ఎవరిదో కబురు ఎవరో చెప్తుంటే విన్నట్టుంది. ఇప్పుడు ఆర్డర్లు కాగితం మీద రావు, పసుపు అద్దుదామంటే మూలలుండవు, గూట్లో పెడదామంటే పటం ముందు నిలబడవు. గేదెలూ కోతులూ వాటి జోలికి రాలేవు. మా అత్తగారు ఉంటే ఆ ఫోనుకి ఎక్కడ బొట్టు పెట్టేవారో పాపం. అంత ప్రేమగా, అంత మర్యాదగా ఒక కోరికని నీళ్లలో వదిలిపెట్టే ఇళ్లు మా తరంతోనే అయిపోయాయనిపిస్తుంది. అందుకు దిగులు పడాలో పడకూడదో నాకింకా తేలలేదు.

మా అమ్మాయి అలా ఫోను పట్టుకుని నిలబడి ఉండగా, చూసుకుంటే నా చూపుడువేలు చీర కుచ్చెళ్ల మీద కదులుతోంది. లోపలికి వెళ్లి పెన్సిలు వెతికి తెచ్చుకుని, మాస్టారిచ్చిన పుస్తకంలో పేజీ తిప్పి, రెండో పేజీ మీద అది ఫోనులో అన్న మాటలు అన్నట్టే షార్ట్‌హ్యాండులో రాశాను. రాసి, వెంటనే చదివాను. చదవగలిగాను.